తెప్పమీద ఒక పూట

మా పాఠశాలలో పిల్లవానిని చేర్చుకొనునప్పుడు నింపవలసిన పత్రములో "తండ్రి వృత్తి" అను గడి యొకటి కలదు. సముద్రపు ఒడ్డునగల పేటలనుండి వచ్చు తల్లిదండ్రులలో పెక్కుమంది ఆ గడిలో "కూలి" అని వ్రాయించుచున్నారు. గడచిన పుష్యమాసమున ఎనిమిదవ తరగతి విద్యార్థి తండ్రి యొకరు ఏదో పనిమీద కార్యాలయమునకు రాగా, "మీరు సముద్రముమీదికి పోవువారు గదా, కూలి అని ఏల వ్రాయించితిరి?" అని మేము అడిగితిమి. ఆయన నవ్వి, "మరేటి రాయమంటారు బాబూ? సదూకున్నోల పనికి పేరుంటాది గానీ మా పనికి పేరేటి?" అనెను. కొంతసేపు ఊరకుండి, "ఓపాలి తెప్పమీదికి రండి మేష్టారూ, సూద్దురుగాని" అని పిలిచెను.

ఆ పిలుపును మన్నించి, గోపాలపూరు తీరమున సముద్రముమీద గడపిన ఒక పూటనుగూర్చి ఈ సంచికలో వ్రాయుచున్నాము. మా పాఠకులలో కొందరు ఆ పనిలోనే పుట్టి పెరిగినవారు. వారికి ఇందు తప్పులు కనబడినచో మన్నించి దిద్దవలెను. బరంపురములో వ్యాపారములును, ఉద్యోగములును చేసికొను తక్కిన కుటుంబములవారు చేపను తట్టలో చూచినవారే కాని నీటిలో చూచినవారు కారు. మేమును మొన్నటివఱకు ఆ రెండవ తెగలోనివారమే.

వాడబలిజలు, జాలరులు అను పేరులుగల ఈ తెలుగు కుటుంబములు శ్రీకాకుళపు తీరము మొదలుకొని పూరీవఱకు ఒడ్డువెంట పల్లెలు కట్టుకొని యున్నవి. ఒడియావారు వీరిని నోళియా లందురు. పూరీలో యాత్రికులను చేయిపట్టుకొని సముద్రస్నానము చేయించు నోళియాలును వీరివారే. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడి, అంతవఱకు మదరాసు రాజధానిలో నుండిన గంజాం సీమలో చాలభాగము దానిలో చేరినప్పుడు వీరిలో ఎవరును ఇల్లు మారలేదు. ఎల్లయే వీరిని దాటి దక్షిణమునకు జరిగినది. ఆనాటినుండి వీరును, మనమును గూడ అల్పసంఖ్యాకుల మైతిమి.

తెల్లవారుజామున మూడుగంటలవేళ ఒడ్డునకు చేరితిమి. మాతోడి ఉపాధ్యాయు లొకరు చాల ఉత్సాహముతో వచ్చిరి గాని, చీకటిలో కెరటముల చప్పుడు వినినంతనే తమకు ఉబ్బసపు లక్షణములు కనబడుచున్నవని చెప్పి ఒడ్డుననే నిలిచిపోయిరి. మా వీపునకు చల్లనిగాలి తగులుచుండెను. అది సముద్రమునుండి కాక నేలమీదినుండి వచ్చుచున్నది. "కొండగాలి బాబూ, ఇదుండగానే ఎల్లిపోవాల" అని ఆ తండ్రిగారు తొందరపెట్టెను. రాత్రి నేల త్వరగా చల్లబడును. నీరు అంత త్వరగా చల్లబడదు. కావున నేలమీది చల్లగాలి సముద్రమువైపు ప్రవహించును. పగలు నేల వేడెక్కిన పిదప గాలి తిరుగబడి సముద్రమునుండి వీచును. ఈ పాఠమును మేము పలకమీద బాణపు గుర్తులు గీచి పెక్కేండ్లుగా చెప్పుచున్నాము. ఆ బాణములలో ఒకటి మా మెడను తాకుట అదియే మొదటిసారి. వెనుకటి తరమువారు ఈ గాలికే తెరచాప యెత్తి లోపలికి పోయి, మధ్యాహ్నపు గాలికి తిరిగి వచ్చెడివారు. ఇప్పుడు తెప్పకు చిన్న ఇంజను తగిలించుకొనుచున్నారు. అయినను గాలినిబట్టి బయలుదేరు అలవాటు పోలేదు. కొండగాలి యున్నంతసేపు సముద్రము అణగి యుండును, చమురు ఖర్చును తగ్గును.

తెప్ప యన నేమో చెప్పవలెను. పూర్వము తేలికయైన కొయ్యదుంగలను కొన్నింటిని ప్రక్కప్రక్కన చేర్చి, ముందుభాగము పైకి వంగునట్లు చెక్కి, మేకులతోను, మోకులతోను బిగించి చేసెడివారు. అరవమున కట్టుమరమందురు, ఇంగ్లీషువారి కాటమరాన్ అను మాట దానినుండియే పుట్టినది. ఓడకు గర్భమున్నది, దానిలో నీరు చేరిన మునుగును. దుంగల తెప్పకు గర్భమే లేదు. పైకి వచ్చిన నీరు సందులగుండ దిగిపోవును. బోర్లపడినను తేలియే యుండును, మరల తిరుగవేసికొని ఎక్కవచ్చును. ఓడరేవులు అరుదై, ఎల్లప్పుడు కెరటములు విఱుగు ఈ తీరమున ఇంతకంటె తెలివైన సాధనమును మఱొకటి ఊహింపలేము. ఇటీవలి మూడు నాలుగు దశాబ్దములలో మంచి కొయ్య దొరకుట కష్టమై, ఫైబరు తెప్పలు వచ్చినవి. వాని లోపల గాలి, నురుగు నింపుదురు. ఆకారము మాత్రము తాతలనాటిదే.

సముద్రముమీదికి పోవుటలో ప్రాణాపాయమగు భాగము లోతున లేదు. అది ఒడ్డునుండి మొదటి నూఱుగజములలో నున్నది. లోతునీటిలో కెరటము ఊయలవలె ఎత్తి దింపును గాని విఱుగదు. నీటిలోతు కెరటపు టెత్తునకు ఇంచుమించు సమానమగు చోటికి వచ్చునప్పుడు దాని అడుగుభాగము నేలను రాచుకొని వెనుకబడును, తల ముందునకు తూలి పడును. ఒడ్డున కెదురుగా నీటిలో దాగియున్న ఇసుకతిన్నెమీద ఈ విఱుగుడు జరుగుచుండును. తిన్నెకు నడుమ నడుమ గండ్లు పడును. ఒడ్డునకు వచ్చిన నీరు ఆ గండ్లగుండ తిరిగి పోవుచుండును. అచ్చట నురుగు తక్కువ. స్నానము చేయువానిని లోనికి లాగుకొనిపోవు చోటు అదియే, తెప్పను దాటింపదగిన దారియు అదియే. గండి నేడున్నచోట రేపుండదు. చీకటిలో దానిని కంటితో కాదు, చెవితో పోల్చుకొనిరి.

తెప్పను నీటిలోనికి నెట్టి, నడుములోతున పట్టుకొని వారు నిలుచుండిరి. ఒక కెరటము పోయెను, రెండు పోయెను, అయిదు పోయెను. మేము ఓపికపట్టలేక "ఇంకను ఎందులకు?" అంటిమి. ఎవరును బదులు చెప్పలేదు. మఱి మూడు పెద్దకెరటములు వరుసగా వచ్చి విఱిగినవి. వాని వెనుక నీరు ఒక్కసారిగా చదునయ్యెను. "ఇక తొయ్యండొరే!" అని కేక. పిల్లవాడు గూడ వెనుకనుండి తోసి, మెడలోతునుండి వెనుకకు మరలి బడికి సిద్ధపడుటకు ఇంటికి పోయెను. పెద్దకెరటములు గుంపులుగా వచ్చుటకు కారణ మున్నది. దూరమున వేఱువేఱు గాలులకు పుట్టిన అలల వరుసలు కలిసి వచ్చునప్పుడు, ఒకదాని ఎత్తు మఱొకదాని ఎత్తుతో కలియుచోట పెద్దవియు, ఎత్తు పల్లముతో కలియుచోట చిన్నవియు ఏర్పడును. ప్రతి ఏడవ కెరటము పెద్దదను మాట లోకములో కలదు గాని అది లెక్కకు నిలువదు. మావారు లెక్కపెట్టలేదు, ఎదురుచూచిరి.

ఒడ్డునుండి రెండు మూడు కిలోమీటర్లు పోయినపిదప ఇంజను ఆపి, బరువు కట్టిన త్రాడును నీటిలో విడిచి ఎనిమిది బారలని చెప్పిరి. బార యనగా రెండు చేతులును చాచిన మేర. సుమారు 6 అడుగులు. ఇంగ్లీషు నావికులు ఫాతమని కొలుచునది ఇదియే. తెల్లవారుచుండెను. "ఇచ్చటనే వల వేయవలెనని ఎట్లు తెలిసినది?" అని అడిగితిమి. ఆయన ఒడ్డువైపు చూపించెను. దీపస్తంభము ఒక తాటితోపు అంచునకు సరిగా తాకుచున్నది. ఉత్తరముగా మఱొకచోట, పడమటి కొండలలోని ఒక మూపురము నీళ్ళతొట్టియొక్క తలమీద కూర్చున్నట్లున్నది. ఈ రెండు జోడులును ఒకేసారి కుదురు చోటు సముద్రమున ఒక్కటే యుండును. అడుగున చిన్న రాతిపట్టు కలదనియు, దానిచుట్టును చేప మేయుననియు ఆయన తండ్రి ఆయనకు చూపెనట. రెండు సరళరేఖలు ఒక్క బిందువుననే ఖండించుకొనునని రేఖాగణితమున మేము నేర్పుచున్నాము. ఆయన కుమారుడు ఆ పాఠమున తప్పిపోయిన సంగతి మాకు అప్పుడు జ్ఞాపకము వచ్చెను, చెప్పలేదు.

వల మూడు నాలుగు ముక్కలను కలిపి కట్టినది. పైత్రాటికి బెండ్లు, క్రిందిత్రాటికి బరువులు. నీటిలో గోడవలె నిలుచును. చేప తల కంటిలో దూరును, మొండెము పట్టదు; వెనుకకు పోజూచిన మొప్పలు తగుల్కొనును. కావున వల కన్ను ఎంతయో పట్టు చేప అంత. కవళ్ళకు ఒక కన్ను, కానగంతలకు మఱొక కన్ను. వల నెప్పుడును నీరు లాగువైపునకు అడ్డముగా వేయుదురు. ఆ దినమున నీరు దక్షిణమునకు లాగుచుండెను. వానకాలము వెడలిన పిదప కొన్ని నెలలు మన తీరమువెంట నీరు ఉత్తరమునుండి దక్షిణమునకును, వేసవి సమీపించినపుడు మరల దక్షిణమునుండి ఉత్తరమునకును ప్రవహించునని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పినారు. తెప్పమీదివారు బెండ్ల వంపునుబట్టి అది కనిపెట్టుదురు.

వల వేసిన తరువాత రెండుగంటలు కనిపెట్టుకొని యుండవలెను. ఆ రెండుగంటలలో మొదటి గంట మేము తెప్ప అంచున తలవాల్చి గడపితిమి. దానినిగూర్చి ఎక్కువ వ్రాయ నక్కఱలేదు. "నీటికేసి సూడకండి మేష్టారూ, ఒడ్డుకేసి సూడండి" అని వారు చెప్పినట్లు కదలని వస్తువుమీద చూపు నిలుపగా కొంత నెమ్మదించినది. రెండవ గంటలో చేపల పేరులు అడిగి వ్రాసికొంటిమి. అందులో ఒక పేరు చరిత్రను మా పాఠకులు తప్పక వినవలెను.

స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు పదునెనిమిదవ శతాబ్ది చివర ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణమున నుండెను. రక్తపింజరి పామునకు ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టినారు. ఆయన విశాఖతీరమున దొరకు రెండువందల చేపలకు బొమ్మలు వ్రాయించి, వర్ణనలు కూర్చి, 1803లో లండనునందు ప్రకటించెను. చేపలకు పేరులు తానే పెట్టుకొనక, ఒడ్డునగల బెస్తలు చెప్పిన తెలుగు పేరులనే చెవికి తోచినట్లు ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనెను. వానిలో కానగంత యొకటి. ఆయన దానిని "కనగుర్త" అని వ్రాసినాడు. పిదప ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే ఆ చేపకు శాస్త్రనామ మిచ్చునపుడు ఆ మాటనే గ్రహించెను. నేటికిని లోకమున ఏ దేశపు పండితుడైనను ఆ చేపను రాస్ట్రెల్లిగర్ కనగుర్త అనియే వ్రాయవలెను. ఒక తెలుగు బెస్త నోటి మాట అది. ఆ బెస్త పేరు ఎవ్వరును వ్రాసికొనలేదు. ఈ కథ చెప్పినప్పుడు తెప్పమీది ముగ్గురును నమ్మలేదు, తండ్రిగారి బావమఱది మాత్రము "అయితే మనోల మాట ఇంగిలీషోల బుక్కులోన ఉన్నాదా బావా?" అని రెండుమార్లు అడిగెను.

పేరు లన్నియు ఇంత నిజాయితీగా పుట్టినవి కావు. అమెరికా దక్షిణతీరమున చిన్నపడవలలో పోయి వేటాడు చుక్కల "ట్రౌట్" చేపకు ఇంగ్లండు ఏటిచేపయగు ట్రౌటుతో చుట్టరికమే లేదు. అది మన గొరకల కుటుంబములోనిది. వలసపోయినవారు తమ యింటి పేరును కంటబడినదానికి తగిలించిరి. మన తీరమున వచ్చిన చిక్కు వేఱు. ఒకే చేపను మన పిల్లవాడు ఇంటిలో పొలస యనును, బజారులో ఒడియావారితో ఇలిశి యనును, పుస్తకములో హిల్సా యని చదువును. మూడు మాటలును నేర్చినవానికి లోటు లేదు. కాని మా తరగతి గదిలో ఆ మూటిలో మొదటిదానిని పలికిన పిల్లవానిని తోటివారు నవ్వుచున్నారు. అతడు వ్యాసములో "చేపలు" అని మాత్రము వ్రాసి ఊరకుండుచున్నాడు. ఇది మా బడిలో మేమే చూచుచున్న సంగతి. ఇందు మా తప్పును కలదు.

ఎండ ఎక్కునప్పటికి వల లాగిరి. ఎక్కువగా కవళ్ళు, కానగంతలు ఒక చిన్నగంపెడు, వెండిపట్టీవంటి సావళ్ళు కొన్ని, గొరకలు అయిదాఱు. గొరకను పట్టుకొనగానే చేతిలో గొరగొరమని అదరెను. దాని పొట్టలోని గాలితిత్తిని కండరములు మీటగా ఆ చప్పుడు పుట్టును. ఆయన ఒకదాని తలను చీల్చి లోపలినుండి తెల్లని రాళ్ళు రెండు తీసి మాకిచ్చెను. అవి చెవిలోని రాళ్ళు. చెట్టు మొద్దులోవలె వానిలో పొరలు పొరలుగా వలయము లేర్పడును. వానిని కోసి చేప వయసు లెక్కింతురు. ఆ రాళ్ళు ఇప్పుడు మా విజ్ఞానశాస్త్రపు గదిలో సీసాలో నున్నవి. చేపలలో వ్రేలెడైన లేని పిల్లలు కొన్ని చిక్కినవి. "కన్ను సిన్నదైపోనాది బాబూ. పెద్దకన్ను ఏస్తే మాకేటీ రాదు, సిన్నకన్ను ఏస్తే రేపటికేటీ ఉండదు" అని ఆయన అనెను. పెద్ద మరపడవలు ఒడ్డుచేరువకు వచ్చి ఊడ్చుకొనిపోవుట కూడ ఆయన ఫిర్యాదులలో నొకటి. ఆ ఫిర్యాదు ఈ తీరమున అన్ని పల్లెలలో వినబడుచున్నది.

తిరిగివచ్చుట పోవుటకంటె కఠినము, ఏలయన కెరటము వెనుకనుండి వచ్చును. తిన్నెకు ఆవల ఆగి, పెద్దగుంపు పోయినపిదప చివరి కెరటపు వీపుమీద ఎక్కి ఒడ్డునకు జాఱిరి. మేము కన్నులు మూసికొంటిమి. మాకు తేలుచొక్కా తొడిగిరి గాని వారు తొడుగుకొనలేదు. అది పనికి అడ్డమట. ఈ విషయమున వారితో మేము ఏకీభవింపము. చదువుకొను పిల్లలను సెలవులలో తెప్ప ఎక్కించు తల్లిదండ్రులు తేలుచొక్కా లేకుండ ఎక్కింపకూడదని గట్టిగా కోరుచున్నాము.

ఒడ్డున ఆడువారు తట్టలతో సిద్ధముగా నుండిరి. బేరము పది నిమిషములలో ముగిసెను. చమురు ఖర్చు తీసి, మిగిలినదానిలో తెప్పకు, వలకు కొంత పాలు, మనిషికొక పాలు. పెట్టుబడికి ముందుగా సొమ్మిచ్చిన వ్యాపారి యున్నచోట అతడు చెప్పినదే ధర. ఆ దినపు పాలు ఎంతో వారు దాచకుండ చెప్పిరి; మేము వ్రాయము. ఒక సామాన్యమైన కూలిదినమునకు మించలేదు. వెనుకటి నాలుగు దినములు వల ఖాళీగా వచ్చినదట.

దీనికితోడు తూర్పుతీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని, వేట నిషేధింపబడుచున్నది. ఇంజను లేని సంప్రదాయపు తెప్పలకు మినహాయింపు కలదు గాని ఇంజను లేని తెప్పలు ఇప్పు డెన్ని? నిషేధము చేపలకు మంచిదే. అయితే అది ముగియుసరికి బడి తెఱచు దినములు వచ్చును. పుస్తకములు, దుస్తులు, రుసుములు అన్నియు ఆ నెలలోనే. జూనులో ఒడ్డుపేటల పిల్లలు ఆలస్యముగా చేరుటను మేము ఇన్నాళ్ళు అశ్రద్ధ యనుకొంటిమి. రుసుమును ఆగస్టు, అక్టోబరు నెలలలో రెండు విడతలుగా తీసికొనవచ్చునేమో సంఘపు కార్యవర్గము ఆలోచింపవలెనని కోరితిమి. విషయము రాబోవు సమావేశమున చర్చకు వచ్చును.

వాతావరణపు సంగతి యొకటి మిగిలినది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూరు దగ్గఱనే తీరము దాటినది. ముందుగా హెచ్చరిక అందుటచే లక్షలాది జనమును తరలించిరి. ప్రాణములు దక్కినవి గాని తెప్పలు, వలలు పోయినవి. ఇప్పుడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను కేంద్రసంస్థ కెరటముల ఎత్తు, గాలి, చేపలు చేరదగు చోట్లు మున్నగువానిని తీరభాషలలో తెలుపుచున్నది. మాతో వచ్చిన తండ్రిగారికి ఆ సందేశములు ఫోనులో వచ్చును. చదివి చెప్పువాడు ఎనిమిదవ తరగతిలోనున్న కుమారుడు. ఒడియాలో వచ్చినది ఒడియాలో చదివి తెలుగులో చెప్పునట. "ఆడు సదివినాకే ఎల్తాం" అని తండ్రి చెప్పినప్పుడు ఆ కంఠములోని గర్వమును మేము గుర్తించితిమి.

మఱునాడు ఆ పిల్లవాడు మా కోరికమీద నోటుపుస్తకములో చేపల పేరులు వ్రాసి తెచ్చెను. ముప్పదికి పైగా నున్నవి. వానిలో ఏడెనిమిది మాటలు మేము ఎచ్చటను విననివి, ఏ నిఘంటువునను మాకు దొరకనివి. వానిని ఎట్లు వ్రాయవలెనో పిల్లవానికి తెలియలేదు, మాకును తెలియలేదు. "ఎట్లు పలుకుదువో అట్లే వ్రాయుము" అని చెప్పితిమి. ఆ పుస్తకమునకు అట్టవేసి పాఠశాల గ్రంథాలయమున ఉంచినాము. అందు ఖాళీ పుటలు చాల నున్నవి. గాలుల పేరులు, నీటి రంగుల పేరులు, వలలో భాగముల పేరులు తెలిసిన పెద్దలు మీ యిండ్లలో నున్నచో, పిల్లలచేత వ్రాయించి పంపుడు. ఆదివారము తప్ప తక్కిన దినములలో సాయంకాలము 4 గంటలకు తరువాత తామే వచ్చి చెప్పినను వ్రాసికొందుము.

ప్రవేశపత్రములోని గడి సంగతి. ఒడ్డున దిగిన తరువాత "ఈ పనిని మీలో మీరు ఏమందురు?" అని అడిగితిమి. "ఏటనే అంటాం బాబూ, వేట" అనెను. మా గుమాస్తాగారు రిజిస్టరులో "కూలి" అను మాటను కొట్టివేసి, ప్రక్కన ఎఱ్ఱసిరాతో "సముద్రపు వేట" అని వ్రాసి సంతకము చేసిరి.